మూఢంలోనూ రాబడి: సీమలో సంగీతాన్నే నమ్ముకున్నవాళ్లు నాలుగు దారుల్లో సంపాదించేదెట్లా

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పాట మీద బతికేవాళ్ల ఏడాదిని ఇంగ్లీషు క్యాలెండరు కన్నా పంచాంగమే బాగా చెబుతుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకాల్లో పెళ్లిళ్లు, తిరుణాలలు, పరసలతో తీరిక ఉండదు. భాద్రపదంలో చవితి పందిళ్లు ఓ తొమ్మిది రోజులు ఆదుకుంటాయి, వెంటనే మహాలయ పక్షం వస్తుంది. ఆషాఢం, పుష్యం ఖాళీ. వీటికి తోడు శుక్ర మూఢమో గురు మూఢమో వస్తే మంచి సీజన్లోనే నెలన్నర, రెండు నెలలు కీబోర్డు పెట్టెలోనే ఉంటుంది. కళాకారులను వడ్డీ బాకీల్లోకి దించేది ఎక్కువగా ఈ ఖాళీ నెలలే. కచేరి, పాఠాలు, రికార్డింగు, చిల్లర పనులు అనే నాలుగు దారుల్లో ఒక్కోదానిలో ఎంత వస్తుందనే దానికంటే ఎప్పుడు వస్తుందనేది ముందు చూసుకోవాలి.

అడుగు 1: ఉగాది పంచాంగం, ఒక లాంగ్ నోట్‌బుక్

పంచాంగం రాగానే ముహూర్తాలున్న రోజులను ఒక రంగుతో, మీ చుట్టుపక్కల ఉత్సవాలను ఇంకో రంగుతో గుర్తు పెట్టండి. శ్రీశైలంలో శివరాత్రి, ఫాల్గుణంలో అహోబిలం బ్రహ్మోత్సవాలు, శ్రీరామనవమికి ఒంటిమిట్ట, శ్రావణంలో గండి శనివారాలు, మంత్రాలయం ఆరాధన, మొహర్రంలో గూగూడు, కడప పెద్దదర్గా ఉరుసు, ఇట్లా. రంగు పడకుండా మిగిలిన వారాలే మీ అసలు సమస్య.

చేతికొచ్చే వేళను బట్టి సంగీతంలో వచ్చే దుడ్లు మూడు రకాలు. కచేరి డబ్బు ఆ రోజే చేతికొస్తుంది. పాఠాల డబ్బు నెలనెలా వస్తుంది. రికార్డింగు మీది డబ్బు ఆర్నెల్లకో ఏడాదికో మొదలై, ఆ తర్వాత మెల్లగా కారుతూ ఉంటుంది. చాలామంది మూడోదాన్ని చివరికి వదిలేస్తారు. నిదానంగా వచ్చేదాన్నే ముందు నాటాలి, అదీ ఖాళీ నెలల్లో.

అడుగు 2: కచేరి బేరం లెక్క కట్టి చెప్పడం

"ఎంత తీసుకుంటారన్నా?" అని ఫోన్ రాగానే నోటికొచ్చిన అంకె చెప్పడం మొదటి తప్పు. ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలు, మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి. కర్నూలు నుంచి ఆదోనికి ఐదుగురి ట్రూపు పోవాలి: ఇద్దరు గాయకులు, కీబోర్డు, ప్యాడ్, డోలక్. సౌండ్ సిస్టం పెళ్లివాళ్లదే. బేరం 25,000 అనుకుందాం. రానూపోనూ దాదాపు 200 కిలోమీటర్లు, కిలోమీటరుకు 20 చొప్పున బండికి 4,000, డ్రైవర్ బత్తా 500. వాయించే ముగ్గురికి, రెండో గాయకుడికి తలా 2,500 చొప్పున 10,000. టీ, టిఫిన్లకు 1,000. ప్రోగ్రాం ఇప్పించిన డెకరేషన్ ఆయనకు పది శాతం, అంటే 2,500. తెగే తీగలకు, పాడయ్యే అడాప్టర్లకు పక్కన పెట్టాల్సింది 1,000. మొత్తం 19,000. బేరం కుదిర్చి, పాడి, బాధ్యత మోసినందుకు ట్రూపు నడిపేవాళ్లకు మిగిలేది 6,000.

"20 వేలకు చేయండన్నా, మనోళ్లే కదా" అంటే ఒప్పుకున్నారనుకోండి. కమిషన్ 2,000కు తగ్గినా ఖర్చు 18,500. మీకు మిగిలేది 1,500, డోలక్ వాయించిన మనిషి కంటే తక్కువ. తగ్గించక తప్పదంటే ధరతోపాటు పనిని కూడా తగ్గించండి: నాలుగు గంటలు కాదు రెండున్నర, లేదా ఐదుగురు కాదు ముగ్గురు. ధర ఒక్కటే తగ్గిస్తే ఆ ఊరిలో మీ రేటు ఇక అదే.

బేరం కుదిరాక మాటలన్నీ ఒక వాట్సాప్ మెసేజ్‌గా పంపి, అవతలివాళ్ల చేత "ఓకే" అనిపించుకోవాలి. తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, సౌండ్ ఎవరిది, జనరేటర్ ఉందా, మైకు పర్మిషన్ ఎవరు తెస్తారు, అదనపు గంటకు ఎంత, పెళ్లి వాయిదా పడితే సంచకారం సంగతేమిటి అన్నీ అందులోనే ఉండాలి. సంచకారం మూడో వంతుకు తగ్గకూడదు. మిగతాది ఆఖరి గంట మొదలయ్యేలోపు చేతికి రావాలి. అప్పగింతల వేళ డబ్బు అడిగితే ఎవరూ వినరు, వినే స్థితిలోనూ ఉండరు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల మాట. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వగలదు. తిరుణాల కమిటీ "తెల్లవార్లూ పాడండి" అంటే ఆ అనుమతి కాగితం చూపించమనండి. పోలీసులు వచ్చినప్పుడు ముందు పట్టుకుపోయేది ఆంప్లిఫైయర్నే.

స్టేజీ మీద జనం చదివించే నోట్లు ట్రూపులను విడగొట్టినంతగా ఇంకేదీ విడగొట్టదు. పాడిన మనిషికే పోవాలా, సమంగా పంచాలా అన్నది బండి ఎక్కేముందే తేల్చుకోండి.

పల్లెల్లో పవర్ సంగతి. ప్లగ్గుకు ఎర్త్ లేకపోతే స్పీకర్లలో గుయ్‌మని హమ్ వస్తుంది, మైకు పెదవికి తగిలితే జిల్లుమంటుంది. ఎర్తింగ్ చూసే చిన్న టెస్టర్ ప్లగ్, కీబోర్డుకు ఒక చిన్న యూపీఎస్, వాద్యం సిగ్నల్‌ను హమ్ లేకుండా మిక్సరుకు పంపే ఒక డీఐ బాక్స్ ఎప్పుడూ పెట్టెలో ఉండాలి. జనరేటర్ మీదికి మార్చే క్షణంలో ఓల్టేజీ ఎగిరి అడాప్టర్లు పోతాయి. మార్చేముందు చెప్పమని ఆపరేటర్‌కు రెండుసార్లు చెప్పండి, అయినా మరిచిపోతాడు, అందుకే యూపీఎస్.

గుళ్లు, ఆకాశవాణి

దేవస్థానాల సాంస్కృతిక కార్యక్రమాల జాబితా ఉత్సవానికి చాలా ముందే ఖాయమవుతుంది. రెండు మూడు నెలల ముందే దరఖాస్తు ఇవ్వండి. ఒక పేజీ పరిచయం, బృందంలో అందరి పేర్లు, పాడబోయే కీర్తనల పట్టిక, మూడు నిమిషాల వీడియో, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సు జతచేయాలి. సంభావన ఖాతాలో పడటానికి వారాలు పట్టవచ్చు. ఆ నెల ఇంటి అద్దెకు దాన్ని లెక్కలో వేసుకోవద్దు. తాళ్లపాక మన పక్కనే ఉన్న సీమలో అన్నమయ్య కీర్తనలు పది శుద్ధంగా, సాహిత్యం తప్పకుండా పాడగలగడం నిజంగానే ఒక పెట్టుబడి.

ఆకాశవాణికి కడప, అనంతపురం, కర్నూలులో కేంద్రాలున్నాయి. ఆడిషన్‌లో నెగ్గితే బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడు ఇస్తారు. రేడియో పారితోషికం ఒక్కదానితో ఇల్లు గడవదు. అయితే గుడి దరఖాస్తులోనూ, పాఠాల బోర్డు మీదా "ఆకాశవాణి గ్రేడెడ్ ఆర్టిస్టు" అన్న మాటకు విలువ ఉంది. చెక్కభజన, ఉరుములు, గొరవయ్యల వంటి జానపద బృందాలు తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రాన్ని కూడా సంప్రదించాలి, ఆంధ్రప్రదేశ్ దాని పరిధిలోనిదే.

అడుగు 3: పాఠాలు, ఊళ్లోనూ కువైట్‌లోనూ

నెల ఖర్చు ముందు పాఠాలతో తీరాలి. విడివిడిగా పదిమందికి పది గంటలు చెప్పేకన్నా ఐదుగురి చొప్పున రెండు బ్యాచులు మేలు. ఫీజు నెల మొదటి వారంలో, ముందుగానే తీసుకోవాలి. నెలకు ఎనిమిది క్లాసులు, పిల్లలు మానేసిన క్లాసు మళ్లీ ఉండదు, మీరు కచేరికి పోయి మానేస్తే తప్పకుండా ఉంటుంది అని చేర్చుకునే రోజే చెప్పాలి. తల్లిదండ్రులకు గమ్యం కనపడాలి. ప్రభుత్వ సంగీత పరీక్షల దారి, అంటే నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా, చూపించగలిగితే పిల్లలు వేసవి సెలవులతో ఆగిపోరు.

విదేశాల్లోని తెలుగు పిల్లలకు చెప్పేటప్పుడు చిక్కంతా గడియారంతోనే. అమెరికా తూర్పు తీరంలో వేసవి రాత్రి ఎనిమిదిన్నర అంటే మనకు తెల్లవారి ఆరు. నవంబరులో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు అదే ఎనిమిదిన్నర మనకు ఏడు. మార్చిలో మళ్లీ ముందుకు. ఈ రెండు తేదీలు నోట్‌బుక్కులో లేకపోతే ఏడాదికి రెండుసార్లు ఒకరు ఖాళీ తెర ముందు కూర్చుంటారు.

కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పోయినవాళ్లు చాలామంది. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి వాళ్ల ఉదయం తొమ్మిది, మన పదకొండున్నర, చక్కటి వేళ. విదేశీ బ్యాంకు నుంచి నెలనెలా చిన్న మొత్తాలు తెప్పిస్తే ప్రతిసారీ చార్జీలు కోస్తారు. మూడు నెలలది ఒకేసారి తీసుకోండి. ఇక్కడి తాతో మేనమామో ఫోన్‌పే చేస్తే ఇంకా నయం.

జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అనే సెట్టింగు ఆన్ చేయకపోతే అది శ్రుతిని ఫ్యాన్ చప్పుడనుకుని నొక్కేస్తుంది, సాగదీసిన స్వరం మధ్యలో మాయమవుతుంది. ఉచిత ప్లాన్‌లో మీటింగు 40 నిమిషాలకు ఆగిపోతుంది, పాఠాన్ని 35కు కుదించుకోండి. నెట్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడటం కుదరదు. మీరొక పాదం, పిల్లలొక పాదం. శ్రుతి పెట్టె పిల్లల దగ్గరే మోగాలి, మీ మైకు ఆపాలి.

అడుగు 4: ఒకే రికార్డింగు, ఆరు ముక్కలు

పెద్ద స్టూడియో అవసరం లేదు. గది మూల, వెనక రెండు బొంతలు, ఫ్యాను బంద్, తెల్లవారుజామున ఆటోల రొద మొదలుకాక ముందు. గోడలు నున్నగా మోగే గదిలో కండెన్సర్ మైకు ప్రతిధ్వనిని కూడా లాక్కొస్తుంది, అట్లాంటి చోట మంచి డైనమిక్ మైకే నయం. నోటికి జానెడు దూరం, ముందు పాప్ ఫిల్టర్, 24 బిట్, శబ్దం అత్యధికంగా మైనస్ 6 డీబీ దాటకుండా. ఎక్కువ పెట్టి గొంతు పగిలిందంటే మిక్సింగులో ఎవరూ బాగుచేయలేరు.

మిక్స్ ఖాయమైన రోజే అదే ప్రాజెక్టు నుంచి ఆరు ఫైళ్లు తీయాలి: పూర్తి పాట, గొంతు లేని ట్రాక్, వాద్యం మాత్రమే, 30–40 సెకన్ల కాలర్ ట్యూన్ ముక్క, నిమిషం లోపు షార్ట్స్ ముక్క, విడివిడి ట్రాకులు. "తర్వాత తీద్దాంలే" అంటే రెండేళ్లకు ప్లగిన్ లేక ఆ ప్రాజెక్టు తెరుచుకోదు. గొంతు లేని ట్రాకును స్కూలు డ్యాన్సులకు, భజన బృందాలకు అమ్మవచ్చు. పల్లెల్లో ఊరి దేవుడి పాట కాలర్ ట్యూన్‌గా బాగా తిరుగుతుంది. పల్లవి మొదటి సెకనులోనే అందుకోవాలి, ఆలాపన వద్దు.

అడుగు 5: పాట ఎవరిదో కాగితం మీద

ఈ అడుగు దాటేసినవాళ్లకు మిగతా అడుగుల ఫలం వేరేవాళ్ల ఖాతాలో పడుతుంది. పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగు మూడు వేర్వేరు ఆస్తులు. రాసినవాళ్లకు, కట్టినవాళ్లకు హక్కు జీవితకాలం, తర్వాత 60 ఏళ్లు. రికార్డింగుకు విడుదల తర్వాత 60 ఏళ్లు. రికార్డింగు చేయించే పూనిక, బాధ్యత ఎవరిదో వాళ్లే చట్టం దృష్టిలో దాని నిర్మాత. కాబట్టి స్టూడియో ఖర్చు ఎవరు పెట్టారో బిల్లు దాచండి. వాయించినవాళ్ల చేత "ఈ పాటకు ఇంత ముట్టింది, రికార్డింగు మీద యాజమాన్యం ఫలానావారిది" అని ఒక పేజీ రాయించుకోండి. రచయితతో పంపకం శాతాల్లో రాసుకోండి. ఇద్దరూ సంతకం పెట్టాకే విడుదల.

ఏదో యూట్యూబు చానెల్ వచ్చి "పదివేలు ఇస్తాం, పాట మాకు ఇచ్చేయండి" అంటుంది. ఇవ్వడం ఎప్పుడూ తప్పని కాదు, చేతిలో డబ్బు లేని ఆషాఢంలో అది అవసరమే కావచ్చు. కానీ ఒప్పందంలో "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అన్న రెండు మాటల కోసం వెతకండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే. 2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్తలకు పాట తీసుకున్నవాళ్లతో సమానంగా రావాల్సిన రాయల్టీని వాళ్లు రాసిచ్చినా చెల్లదు, వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప. ఈ సంగతి తెలిసినవాళ్లతో చానెళ్లు వేరేగా మాట్లాడతాయి.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, గొడవ వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. సాహిత్యానికి, సంగీతానికి ఒక్కోదానికి రూ. 500, రికార్డింగుకు రూ. 2,000 ఫీజు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు.

జానపదం విషయంలో రెండు జాగ్రత్తలు. పూర్వం నుంచి వస్తున్న పాట ఎవరి సొత్తూ కాదు, మీరు పాడిన రికార్డింగు మాత్రం మీదే. అయితే "జానపదం" అని చలామణీలో ఉన్న పాటల్లో చాలావాటికి బతికున్న రచయితలున్నారు, విచారించకుండా దిగవద్దు. రెండోది చట్టానికి సంబంధించింది కాదు. పాట నేర్పిన అవ్వ పేరు వీడియోలో ఉండాలి, ఆమె చేతిలో కొంత డబ్బు పడాలి.

అడుగు 6: వేదికలెక్కించడం

స్పాటిఫై, జియోసావన్, ఆపిల్ మ్యూజిక్ వంటివాటికి పాటను డిస్ట్రిబ్యూటర్ ద్వారా పంపాలి. వీళ్లలో రెండు పద్ధతులున్నాయి. ఏటా చందా తీసుకునేవాళ్లు, పాటకో రుసుము లేదా రాబడిలో వాటా తీసుకునేవాళ్లు. చందా పద్ధతిలో కట్టడం మానేస్తే పాటలు దిగిపోయే ప్రమాదం ఉంది. ఏడాదికి రెండు పాటలే చేసేవాళ్లకు రెండో పద్ధతి నయం. చేరేముందు మూడు అడగండి: కాలర్ ట్యూన్లకు పంపుతారా, యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఇతరుల వీడియోల్లో మీ పాటను గుర్తుపట్టే ఏర్పాటు) పెడతారా, కనీసం ఎంత పోగైతే డబ్బు పంపుతారు.

పంపాల్సింది వేవ్ ఫైలు, 44.1 కిలోహెర్ట్జ్, 16 లేదా 24 బిట్. శబ్ద తీవ్రత సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్, శిఖరం మైనస్ 1 డీబీ. బొమ్మ 3000 బై 3000 పిక్సెళ్లు. ప్రతి రికార్డింగుకూ 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ ఇస్తారు, నోట్‌బుక్కులో ఎక్కించండి. డిస్ట్రిబ్యూటరును మారిస్తే అదే కోడ్ వాడాలి, లేకపోతే పాత లెక్కలన్నీ సున్నా నుంచి మొదలవుతాయి. మీ పేరు ఇంగ్లీషు స్పెల్లింగు ప్రతిసారీ ఒకటే ఉండాలి. ఒక అక్షరం తేడా వచ్చినా ఇద్దరు వేర్వేరు కళాకారులుగా పేజీలు తయారవుతాయి. విడుదల తేదీకి మూడు నాలుగు వారాల ముందు పంపండి.

ఆశలు తగ్గించుకోవాల్సింది ఇక్కడే. 2024 నుంచి స్పాటిఫైలో 12 నెలల్లో 1,000 సార్లు వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ లేదు. పది పాటలు వదిలి ఒక్కోటి 300 సార్లు వినబడితే వచ్చేది సున్నా. రెండు పాటలు వదిలి, కచేరిలో క్యూఆర్ కోడ్ బ్యానర్ కట్టి, ఆ రెంటినే వినిపించండి.

కంటెంట్ ఐడీలో పెట్టేముందు ఆ పాటలో నెట్ నుంచి దించిన రెడీమేడ్ లూపులు, బీట్లు లేవని చూసుకోండి. అదే లూపు వాడిన ఇంకొకరి వీడియో మీద మీ పేరున క్లెయిమ్ పడి, చివరికి మీ ఖాతానే ఆపేస్తారు.

యూట్యూబు

ప్రకటనల డబ్బుకు 1,000 సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ ఉండాలి. 500 సబ్‌స్క్రైబర్లు, 3,000 గంటల దగ్గర మొదటి మెట్టు దొరుకుతుంది. అందులో అభిమానులిచ్చే డబ్బే, ప్రకటనలుండవు. మామూలు వీడియోల ప్రకటనల రాబడిలో 55 శాతం మీకు. ఖాతాలో 10 డాలర్లు చేరాక పిన్ నంబరు పోస్టులో వస్తుంది, దాన్ని నాలుగు నెలల్లో ఎక్కించాలి. చిరునామాలో మండలం, పిన్‌కోడ్, ఫోన్ నంబరు సరిగ్గా రాసి, పోస్ట్‌మ్యాన్‌కు ముందే ఒక మాట చెప్పండి. డబ్బు కదిలేది 100 డాలర్లు దాటాక. పన్ను ఫారం పాన్‌తో నింపకపోతే రాబడిలో ఎక్కువ కోత పడుతుంది.

సినిమా పాట కవర్ పాడితే ఆ డబ్బు సాధారణంగా ఆడియో కంపెనీకే పోతుంది. పెళ్లిలో సినిమా పాట పాడటానికి చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, ఆ వీడియోను అప్‌లోడ్ చేయడానికి ఇవ్వదు. హోటల్లో న్యూ ఇయర్ షో, టికెట్టు పెట్టిన ప్రోగ్రాములకైతే లైసెన్సు నిర్వాహకులే తీసుకోవాలని ఒప్పందంలో రాయండి. కవర్లను పరిచయానికి వాడుకోండి, రాబడికి సొంత పాటలు.

పాట రాసినవాళ్లు, కట్టినవాళ్లు రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని ప్రతి పాటనూ విడిగా నమోదు చేయాలి. సభ్యత్వం తీసుకుని పాటలు నమోదు చేయనివాళ్లకు పంచడానికి అక్కడ ఏమీ ఉండదు. గాయకులకు, వాయించేవాళ్లకు ఇసామ్రా (ఇదివరకు ఇస్రా) అనే వేరే సంస్థ ఉంది.

అడుగు 7: చిల్లర పనులు

పేరుకే చిల్లర. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లు పెట్టి కట్టే పాట, గృహప్రవేశానికి ఒక పాట, ప్రొద్దుటూరు బట్టల షాపుకో ఆదోని నగల షాపుకో ఆటో ప్రచారం, జనవరి నుంచి మార్చి దాకా స్కూళ్ల యాన్యువల్ డే ట్రాకులు. వీటికి సొంత బాణీలు ఐదారు ముందే రికార్డు చేసి పెట్టుకుంటే పేర్లు మార్చి పూటలో ఇచ్చేయవచ్చు. మార్పులు రెండుసార్లే ఉచితమని ముందే చెప్పండి. డబ్బు పూర్తిగా అందేవరకు మధ్యలో "డెమో" అని మాట పెట్టిన ఫైలే పంపండి.

ఎన్నికల పాటలకు డబ్బంతా ముందే తీసుకోవాలి, ఓడినవాళ్లు బాకీ తీర్చరు, గెలిచినవాళ్లు దొరకరు. సినిమా బాణీ మీద పేరడీ అడుగుతారు. సొంత బాణీ ఇస్తామనండి, లేకపోతే కాపీరైట్ బాధ్యత తమదేనని రాసిమ్మనండి. టీవీ, రేడియో, సోషల్ మీడియా ప్రకటనలుగా వాడే పాటకు జిల్లా మీడియా సర్టిఫికేషన్ కమిటీ ముందస్తు ఆమోదం కావాలి. అది తెచ్చుకోవాల్సింది అభ్యర్థి మనుషులే.

అడుగు 8: పన్ను

ఈ డబ్బంతా ఒకే బ్యాంకు ఖాతాలోకి రావాలి, అది ఇంటి ఖర్చుల ఖాతా కాకూడదు. కంపెనీలు, సంస్థలు ఏడాదిలో 50 వేలకు మించి పారితోషికం ఇస్తే 10 శాతం టీడీఎస్ కోస్తాయి, పాన్ ఇవ్వకపోతే 20. మన రాష్ట్రంలో సేవల మీద ఏడాదికి 20 లక్షల రాబడి దాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. జానపద, శాస్త్రీయ కళల ప్రదర్శనకు పారితోషికం ఒక్కోదానికి లక్షన్నర మించకపోతే దాని మీద జీఎస్టీయే లేదు. సినిమా పాటల ఆర్కెస్ట్రాకు ఆ వెసులుబాటు వర్తించదు.

కోసిన టీడీఎస్ వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి. వేసేముందు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద ఎంత జమైందో చూసుకోండి. కోసినవాళ్లు అది ప్రభుత్వానికి కట్టకపోయినా, వేరే పాన్ మీద ఎక్కించినా అక్కడ కనిపించదు. అప్పుడు నోట్‌బుక్కు తెరిచి, తేదీ, ప్రోగ్రాము, కోసిన మొత్తం చెప్పి వాళ్ల అకౌంటెంటు చేత సరిచేయించాలి.